ఎవరి బార వాళ్లది

దాసన్న ఆ వరసలో సోలారు ప్యానెళ్లను తుడవడం లేదు, తోముతున్నాడు. పొడవాటి గొట్టం చివర బిగించిన బ్రష్షును అద్దం మీద ఆనించి పైనుంచి కిందికి నెమ్మదిగా లాగాలని పనిలో చేరిన రోజే చూపించారు. మిగతా వరసల్లో అలాగే లాగుతాడు. ఈ వరసకు వచ్చేసరికి మాత్రం చేతులు అతని మాట వినవు. గొట్టం వంగేలా నొక్కి, పళ్లు బిగబట్టి, అటూ ఇటూ గీకుతాడు. ఎందుకో ప్లాంటులో ఎవరికీ తెలియదు. ఆ వరస కింది నేల ఒకప్పుడు వాళ్లన్న హనుమంతరాయప్పది.

"దాసన్నా, అది అద్దమప్పా, ఎనుము గాదు," అన్నాడు వెనకనుంచి నందీష్. ప్లాంటులో సూపర్‌వైజరు. పావగడవాడే, మంచివాడే.

"అద్దమని నాకూ కనపడతాండాది," అన్నాడు దాసన్న, తల తిప్పకుండా.

"గీతలు పడితే నన్ను అంటారు."

"అననీ. నీకు జీతమిచ్చేది దానికే గదా."

నందీష్ నవ్వి వెళ్లిపోయాడు. దాసన్న నోరు తిరుమణి ఊళ్లో ఎవరికీ కొత్తకాదు. పొద్దున లేచింది మొదలు అతనికి కోపం కావాలి, కొందరికి టీ కావలసినట్టు. టాంకరు ఆలస్యమైతే కోపం, తొందరగా వస్తే కోపం. అసలు టాంకరును చూస్తేనే కోపం. శెనక్కాయ పైరు నోరు తెరుచుకుని చచ్చినప్పుడు ఈ నేలకు గుక్కెడు నీళ్లు తెచ్చి పోసినవాడు లేడు. ఇప్పుడు అద్దాలకు దుమ్ము పట్టిందని లారీలలో తెచ్చి స్నానం పోస్తున్నారు. ఆ నీళ్లు ప్యానెలు అంచునుంచి కారి ఎర్రమట్టిలో పడుతుంటే, కింద గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డిని కోయడానికి మళ్లీ మనుషులు. ఆ మనుషుల్లో దాసన్న ఒకడు.

మనిషి పొట్టి. ఛాతీ వెడల్పు, మెడ లావు, చేతులు కురచ. కంపెనీవాళ్లు ఇచ్చిన నీలం చొక్కా చేతులు వేళ్ల చివరలదాకా వస్తాయి. రోజూ రెండు మడతలు పెడతాడు, బ్రష్షు ఎత్తి దించేసరికి అవి ఊడిపోతాయి, మళ్లీ పెడతాడు. అరవై దాటింది. కనుబొమలు నెరిసినా ముఖం మీద ఆ ముడి మాత్రం విప్పుకోలేదు. ఎండకు కళ్లు చికిలించి చూడడంవల్ల వచ్చిందని చూసినవాళ్లు అనుకుంటారు. అది ఎండవల్ల వచ్చింది కాదు.

ఆ వరస చివర, రెండు వరసల ప్యానెళ్ల నడుమ, ఒక బావి ఉంది. పైన ఇనుప జాలీ బిగించారు. జాలీ మీద పుర్రె బొమ్మ వేసిన బోర్డు పెట్టారు. లోపల నీళ్లు ఎండి చాలా కాలమైంది. పావురాలు ఉంటాయి. దాసన్న అక్కడిదాకా వచ్చినప్పుడల్లా జాలీ మీద ఉమ్మి ముందుకు నడుస్తాడు. ఇవాళా ఉమ్మాడు.

ఆ బావి వాళ్ల నాయన రామాంజినప్ప తవ్వించింది. ఆయన పోయేముందు పొలాన్ని రెండు చెక్కలు చేసి ఇద్దరు కొడుకులకు ఇచ్చాడు. బావిని చెక్కలు చేయడం ఎవరి తరం కాదు కాబట్టి దాన్ని ఉమ్మడిగా ఉంచాడు. ఉమ్మడి బావి ఉన్న అన్నదమ్ములకు ఆ పక్క ఊళ్లలో ఒకటే పద్ధతి. పొద్దున ఒకరి వంతు, సాయంత్రం ఒకరి వంతు. తన వంతులో నీళ్ల మట్టం ఒక బార దిగేదాకా మోటారు వేసుకోవచ్చు, ఆ తర్వాత ఆపేయాలి. బార అంటే రెండు చేతులూ బారజాపితే ఈ చేతి వేలి కొసనుంచి ఆ చేతి వేలి కొసదాకా. నిలబడితే మనిషి ఎంతో, చేతులు చాపితే ఇంచుమించు అంతే. ఎవరి వంతుకు వాళ్లే కొలుచుకుంటారు, ఎవరి చేతులతో వాళ్లు. ఎవరి బార వాళ్లది అని పెద్దమనుషులు తీర్మానం చేసి, టీలు తాగి, కండువాలు దులుపుకుని వెళ్లిపోయారు. వాళ్లకేం పోయింది, ఎండేది వాళ్ల పైరు కాదు.

హనుమంతరాయప్ప తాటిచెట్టంత మనిషి. గడప దాటాలంటే తల వంచేవాడు. చేతులు మోకాళ్లను అందుకునేవి. ఆ చేతుల బార ఎంత, దాసన్న బార ఎంత? అన్న వంతుకు దిగే నీళ్లెన్ని, తమ్ముడి వంతుకు దిగే నీళ్లెన్ని? ఈ లెక్క దాసన్న బుర్రలో మొదటి ఎండాకాలమే పడింది, పడి వేరు పట్టింది.

పైగా అన్న అందరిలా చేతులు చాపి కొలిచేవాడు కాదు. కిత్తనారతో పేనిన తాడు ఒకటి చేసుకున్నాడు. దాని చివర రాయి కట్టి, బారకొక ముడి వేసి, ముడి ముడికీ ఎర్రగుడ్డ పీలిక చుట్టాడు. ఒక ముడి నీళ్లకు తగిలేలా తాడు వేలాడదీసి మోటారు వేస్తాడు. దాని కింది ముడి బయటపడగానే ఆపేస్తాడు. దాసన్నకు ఆ ముడులను చూస్తే ఒళ్లు మండేది. వాడి తాటిచెట్టు చేతులతో ఒకసారి కొలిచి ముడులు వేసుకున్నాడు, ఇక జీవితాంతం దోచుకోవడానికి చేతులు తడుపుకునే కష్టం కూడా లేదు అనుకునేవాడు.

మరి ఆ తాడును ఒకసారి పట్టి చూస్తే పోయేది కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ ఊళ్లో పుట్టినవాడికి అనిపించదు. ఒకరి కొలతాడును ఇంకొకరు ముట్టరు. ముట్టడమంటే నువ్వు దొంగవని ముఖం మీద చెప్పడమే. అలా ముట్టి తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

దాసన్న తాడు ముట్టలేదు. నోటితో అన్నాడు. ఒక ఎండాకాలం, తన చెక్కలో పైరు ఒక పక్కనుంచి మాడుతూ వస్తుంటే, బావి దగ్గర నలుగురు కూలీల ముందు నిలబడి అన్నాడు: "నీ చేతులు పొడుగు, నీ బార పొడుగు. తమ్ముని నీళ్లు తాగి బతకతాండావు. దొంగకూ నీకూ యాడ తేడా?"

హనుమంతరాయప్ప ఒక్క మాట అనలేదు. మోటారు ఆపాడు. తడి తాడును చుట్టగా చుట్టి, మోటారు గది బయట గోడకున్న మేకుకు తగిలించి, నడిచి వెళ్లిపోయాడు. అంతవరకూ రోజూ ఇంటికి తీసుకుపోయే తాడు ఆ రోజునుంచి అక్కడే వేలాడింది. వంతుకు దించుతాడు, మళ్లీ అక్కడే తగిలిస్తాడు. తప్పు చేసినవాడికి మాట ఎక్కడినుంచి వస్తుందనుకున్నాడు దాసన్న. తాడు అక్కడ తగిలించడం తన కళ్లల్లో పొడవడానికేననుకున్నాడు. ఆ వేసవే అన్న తన చెక్కలో తూర్పు కొస విత్తకుండా బీడు పెట్టేశాడు. దొంగనీళ్లు ఎక్కువై ఒళ్లు బరువెక్కిందనుకున్నాడు. కోపం ఉన్నవాడికి దేనికైనా అర్థం సిద్ధంగా ఉంటుంది.

ఆనాటినుంచి మాటల్లేవు. ఇద్దరి ఇళ్లు ఎదురెదురు. మధ్యలో వీధి, రెండు ఎద్దులబండ్లు పక్కపక్కన పోయేంత. పిల్లలు పుట్టారు, పెరిగారు, ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగారు. ఆడవాళ్లు మాట్లాడుకున్నారు. వీళ్లిద్దరు మాత్రం వీధిలో ఎదురైతే చెరొక గోడను చూసుకుంటూ నడిచారు. తర్వాత బావి ఎండింది. ఆ తర్వాత సోలారు వచ్చింది. రెండు చెక్కలూ కంపెనీకి కౌలుకు పోయాయి, గట్టు చెరిపేశారు, మోటారు గది కూల్చారు. పోట్లాడుకోవడానికి నీళ్లు లేవు, నేల లేదు. కోపం మాత్రం దాసన్న దగ్గరే ఉండిపోయింది, దాన్ని ఎవరూ కౌలుకు అడగలేదు. గది కూల్చేరోజు అన్న వెళ్లి ఆ తాడు తెచ్చి తన ఇంటి వసారాలో చిలక్కొయ్యకు తగిలించాడు. పొద్దున తలుపు తీస్తే దాసన్న కళ్లకు మొదట కనిపించేది అదే.

బ్రష్షు పని ముగిసింది. ఎండ ముదిరితే అద్దాల మీద నీళ్లు పోయకూడదు. కొడవలి తీసుకుని ప్యానెళ్ల కింద వంగి గడ్డి కోయడం మొదలుపెట్టాడు. వంగినప్పుడల్లా నిన్న సాయంత్రం మాటలు గుర్తొచ్చి, కొడవలి కొంచెం గట్టిగా పడుతోంది.

నిన్న సాయంత్రం అక్షత అరుగు మీద పుస్తకం పెట్టుకుని కూర్చుంది. అక్షత అతని ఒక్కగానొక్క కూతురు. వై.ఎన్.హొసకోటలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది.

"నాయనా, బార అంటే ఎంతో ఒకసారి చూపిచ్చు," అంది.

దాసన్న లేచి వాకిట్లో నిలబడి, చొక్కా చేతులు పైకి తోసుకుని, రెండు చేతులూ చాపాడు. చాలా రోజుల తర్వాత ఎవరో తనకు తెలిసిన సంగతి అడిగారు. ముఖం మీది ముడి కాస్త సడలింది కూడా.

"ఇంగ్లీషులో దీన్నే ఫాదమ్ అంటారు నాయనా. పడవల్లో పోయేటోళ్లు తాడు వదిలి, చేతులతో బారలు లెక్కపెట్టి సముద్రం లోతు సూసేవాళ్లంట. అచ్చం మన బావి మాదిరే. రేపు పాఠంలో ఉండాది."

"ఉండనీ. సముద్రమైనా బావైనా చేతులు చేతులే గదా."

"ఆ మాటకే ఇప్పుడు ఇంకో అర్థం. అర్థం చేసుకునేది. ఒకరి మనసు నాకు అందలేదు, తెలీలేదు అనాల్నంటే ఫాదమ్ చేయలేకపోయినా అంటారు." అక్షత ఫోనులో నిఘంటువు తీసి చూస్తూ అంది. "అన్నిటికంటే పాత అర్థం ఏందో తెలుసునా? చేతులు చాపి మనిషిని కౌగిలించుకునేది. ముందు అదంట. దాన్నుంచి కొలత వచ్చింది. కొలతనుంచి అర్థం చేసుకునేది వచ్చింది."

దాసన్న చేతులు దించేశాడు. "కౌగిలించుకునేది, కొల్చేది, అర్థం చేసుకునేది, మూడింటికీ ఒకటే మాటనా? వాళ్లకు మాటలు అంత కరువా?"

"కరువు కాదు నాయనా. చేయి చాపేది ఒకటే గదా మూడింటికీ."

"ఎవని చేయి? పొడుగు చేయినా, కురచ చేయినా? అది రాసినారా నీ పుస్తకంలో?"

అక్షత పుస్తకం మూసింది. లోపల రాగిముద్ద కెలుకుతున్న దాసన్న భార్య రంగక్క చేయి ఆపి వింది. ఈ ఇంట్లో మాటలు ఎక్కడ మొదలైనా ఆ బావి దగ్గరికే చేరతాయని ఇద్దరికీ తెలుసు.

"పెదనాయన మూడు దినాల నుంచి ముద్ద తినలేదు," అంది అక్షత, అవతలి ఇంటివైపు చూస్తూ. "ఇవాళ నేను పోతే నీ పేరు అన్నాడు. దాసు యాడ అన్నాడు. ఇంకేం అనలేదు. ఒక్క తూరి పోయి రా నాయనా. వీధి దాటేదే గదా."

"అడగనీ."

"నువ్వు మాట్లాడాల్సిన పని లేదు. పోయి నిలబడు, చాలు."

"వాడు అందరి ముందర వచ్చి తమ్ముని నీళ్లు తాగినానని ఒప్పుకోనీ. అప్పుడు నిలబడేది కాదు, కూర్చుంటా."

"మంచం దిగలేనోడు యాడికి వచ్చి ఒప్పుకుంటాడు?" అంది రంగక్క లోపలినుంచి.

దాసన్న లోపలికి పోయాడు. తిండి తిని, ఆ ఇంటికి వీపు పెట్టి పడుకున్నాడు.

గడ్డి కోస్తూ కోస్తూ బావి దగ్గరికి వచ్చాడు. జాలీ చుట్టూ ఎత్తుగా మొలిచింది. ఈ చోట మోకాళ్ల మీద కూర్చుని కోయాలి. కూర్చున్నాడు. జాలీ సందుల్లోంచి పావురాల వాసన, కింద చల్లని చీకటి. తాము చిన్నప్పుడు ఇందులోనే ఈత నేర్చుకున్నారు. అన్న తనను వీపు మీద ఎక్కించుకుని మెట్లు దిగి, నీళ్లలోకి వదిలి, మునగబోయేసరికి ఒక చేయి కింద పెట్టేవాడు. ఆ చేయి ఎంత పొడుగంటే, ఎంత దూరం పోయినా కడుపు కిందే ఉండేది. దాసన్నకు ఆ చేయి ఇప్పుడు గుర్తు రావడం నచ్చలేదు. కొడవలితో గడ్డిని కాకుండా మట్టిని కొట్టాడు.

ఫోను మోగింది. అక్షత.

"నాయనా, నేను స్కూలుకు పోలేదు. పెదనాయన ఊపిరి వేరే మాదిరి పోతాంది. డాక్టరు వచ్చి సూసి పోయినాడు. నువ్వు ఇప్పుడే రా."

"పని ఉండాది."

"నాయనా, పని యాడికీ పోదు." ఆమె గొంతులో కోపం ఉంది, తండ్రి ఇచ్చిందే. "నువ్వు రాకపోతే, ఈ విషయం గురించి నేను జన్మలో నీతో మాట్లాడను. ఇంతే."

పెట్టేసింది. దాసన్న ఫోను జేబులో వేసుకుని అలాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు. అటుగా వచ్చిన నందీష్ ముఖం చూసి ఆగాడు.

"ఏందప్పా?"

"మాయన్నకు బాగలేదంట."

"అయితే ఈడ గడ్డి కోస్తావేంది? లే. బైకులో దింపేసి వస్తా, గేటు దగ్గరే ఉండాది."

దాసన్న లేచాడు. నిజంగానే లేచాడు, మోకాళ్ల మట్టి కూడా దులుపుకున్నాడు. నాలుగు అడుగులు గేటువైపు వేశాడు. అప్పుడు అతని కాలికి మోటారు గది పునాది రాయి తగిలింది. కూల్చినవాళ్లు దాన్ని పెకలించలేదు. ఆ రాయి మీద నిలబడే అన్న ఆ రోజు తాడు చుట్టగా చుట్టాడు. ఒక్క మాట అనకుండా చుట్టాడు. కాదురా అనలేదు, అవునురా అనలేదు. తనను మనిషి కింద లెక్కపెట్టి తిట్టనైనా తిట్టలేదు. అన్నేళ్ల మంట ఒక్కసారిగా మళ్లీ రగిలింది. ఇప్పుడు మంచం మీద పడుకుని పేరు పిలిస్తే పరుగెత్తాలా?

"వద్దులే," అన్నాడు. "డ్యూటీ అయినాక పోతా."

"దాసన్నా, మనిషి..."

"పోతా అంట్ని గదా. నాకు నువ్వు సెప్పేదేంది?"

నందీష్ తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. దాసన్న మళ్లీ వంగాడు. ఆ మధ్యాహ్నం అతను కోసినంత గడ్డి ఆ వారంలో ఎవరూ కోయలేదు. కోయనవసరంలేని చోట కూడా కోశాడు.

సాయంత్రం కూలీల వ్యాను ఊరి మలుపులో దింపింది. వీధిలోకి తిరగ్గానే అన్న ఇంటి ముందు చెప్పులు కనిపించాయి. మగవాళ్లవి, ఆడవాళ్లవి, ఒకదాని మీద ఒకటి. ఎవరూ ఏడవడం లేదు. ఏడ్చి ఆపినట్టున్నారు. కోళ్లు ఎప్పటిలాగే వీధిలో తిరుగుతున్నాయి. రంగక్క తమ అరుగు మీద కూర్చుని ఉంది. మొగుణ్ని చూసి లేవలేదు.

"ఎప్పుడు?" అన్నాడు.

"మూడైంటాది," అంది. "నీళ్లు తాగి, అట్లే."

దాసన్న వీధి దాటాడు. అన్నేళ్లూ దాటనిది, దాటితే పది అడుగులు కూడా లేదు. హనుమంతరాయప్పను వసారాలో చాప మీద పడుకోబెట్టారు. తెల్లపంచె కప్పారు. కాళ్లు చాప దాటి నేల మీదికి వచ్చాయి. చేతులు రెండూ పొట్ట మీద కలిపి బొటనవేళ్లు కట్టారు. ముఖం చిక్కిపోయింది, ముక్కు ఒక్కటే పాత ముక్కు. దాసన్నకు కన్నీళ్లు రాలేదు. కోపమే వచ్చింది. డ్యూటీ అయ్యేదాకా కూడా ఆగలేకపోయావా అనాలనిపించింది.

వాళ్లలో పూడ్చడమే ఆచారం. ఒకప్పుడైతే సొంత చేను మూలలో పూడ్చేవాళ్లు. నాయన రామాంజినప్ప ఆ మూలలోనే ఉన్నాడు, ఇప్పుడు కంచె లోపల. హనుమంతరాయప్పకు ఊరి రుద్రభూమి తప్పలేదు. గుంత తవ్వేవాళ్లు పలుగూ పారా పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. మనిషి నిడివి కొలిచి ఇస్తే వెళ్లి మొదలుపెడతారు. కొలవవలసింది తోడబుట్టినవాడు. కొడుకు ఉన్నా సరే, తోడబుట్టినవాడు ఉంటే అతనే తాడు పట్టాలి.

"తాడొకటి తీసకరండమ్మా," అన్నారెవరో.

అన్న భార్య పెద్దక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లేచింది. చిలక్కొయ్యకున్న తాడును తీసింది. తెచ్చి దాసన్న చేతుల్లో పెట్టింది.

"ఇన్నేండ్లు ఈడ్నే యాలాడింది," అంది. గొంతు పొడిగా ఉంది. "నీకు ముట్టేకి మనసు రాలేదు. ఇప్పుడన్నా ముట్టు."

కిత్తనార ఎండి గరుకెక్కింది. పీలికల ఎర్రరంగు వెలిసింది. దాసన్న వంగి ఒక ముడిని అన్న మడమ దగ్గర పెట్టి, తాడును కాలి వెంట, నడుము వెంట, ఛాతీ పక్కగా పరిచాడు. మనిషి బార మనిషి ఎత్తు. రెండో ముడి నడినెత్తి దగ్గరికి రావాలి. రాలేదు. గడ్డం దగ్గరే ఆగింది. పైన ఇంకా జానెడు అన్న మిగిలాడు. ముడి జారి ఉంటుందనుకుని తర్వాతి రెండు ముడులు తీసుకుని మళ్లీ పరిచాడు. గడ్డం దగ్గరే. ఇంకో రెండు. అక్కడే. ఏ ముడి పెట్టినా అన్న తల తాడుకు అందడం లేదు.

దాసన్న లేచి నిలబడ్డాడు. గోడకు వీపు ఆనించాడు. చొక్కా చేతుల మడతలు ఊడి వేళ్లమీద పడితే పళ్లతో పైకి లాక్కున్నాడు. ఒక ముడిని ఎడమ చేతి వేలి కొసకు పట్టుకుని, తాడును ఛాతీ మీదుగా లాగి, కుడిచేయి పూర్తిగా చాపాడు. రెండో ముడి కుడిచేతి వేలి కొస దగ్గరికి వచ్చి ఆగింది. ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఇది అన్న బార కాదు. ఇది తన బార.

వాకిట్లో నిలబడ్డవాళ్లకు అతను ఏం చేస్తున్నాడో తెలియలేదు. గడప దగ్గరున్న అక్షతకు తెలిసింది. తండ్రి చాపిన చేతులు దించలేకపోవడం చూసి ఆమె ముఖం తిప్పుకుంది. కౌగిలి, కొలత, అర్థం అని ఆమె నిన్న చెప్పిన మాటలు దాసన్న చెవిలో ఉన్నాయి. కొలత ఇప్పుడు చేతుల్లో ఉంది. అర్థం కూడా వద్దన్నా వచ్చి మీద పడింది. మొదటిదానికి ఎదురుగా మనిషి ఉండాలి. ఆ మనిషి మధ్యాహ్నం మూడుదాకా ఉన్నాడు.

"ఎప్పుడేసినాడొదినా ఈ ముడులు?" అన్నాడు.

"చేను పంచిన దినమే," అంది పెద్దక్క. "చింతమాను కింద నువ్వు చేతులు పారేసుకుని నిద్దరపోతాంటివి. నీ మీద పరిచి ఏసినాడు. ఈ కొస ఆయప్ప పట్టుకుంటే ఆ కొస నేను పట్టుకుంటి. నా బారతో తోడితే చిన్నోడు ఎండిపోతాడు, వానికి తక్కువ కాకూడదు అన్నాడు. నీళ్లు సాలక మేము తూర్పు కొస బీడు పెట్టుకుంటిమి. నువ్వేమో నలుగురి ముందర దొంగ అంటివి."

"ఒక్క మాట సెప్పింటే..."

"దొంగను కాదని తమ్మునికి సెప్పుకోవాల్నా?" పెద్దక్క గొంతు అప్పుడు లేచింది. "సెప్పనన్నాడు. కోపం తగ్గినాక వాడే వచ్చి పట్టి సూసుకుంటాడు అన్నాడు. నీ చేతికి అందేచోట తగిలిచ్చినాడు. గది కూల్చినాక ఈడ తగిలిచ్చినాడు, నీ తలుపుకు ఎదురుగా. నీ కోపం తగ్గితే గదా. ఈ తాడును సూసి సూసి నాకు కండ్లు పోయినాయి."

దాసన్న తాడును గుప్పిట్లోకి చుట్టుకున్నాడు. ఒళ్లంతా మండుతోంది. ఇంతకాలం దాచి దాచి పెంచుకున్న కోపానికి కింద నేలే లేదని ఇవాళ చెప్పిపోయాడు అన్న. ఇప్పుడు దాన్ని ఎవరి మీద పెట్టాలి? చచ్చినవాడి మీదా? తిట్టనైనా తిట్టకుండా, ఇంత మంచితనం చేసి నోరు మూసుకున్నందుకు అన్నను భుజాలు పట్టి కుదపాలనిపించింది. కుదపడానికి చేయి ముందుకు వెళ్లింది కూడా. పంచె అంచు సర్ది వెనక్కి తీసుకున్నాడు.

"దాసన్నా, పొద్దు వాలుతాంది. కొలత సెప్పు," అన్నారు గుంత తవ్వేవాళ్లు.

"నా బార," అన్నాడు దాసన్న. జాన చాపి చూపిస్తూ మళ్లీ అన్నాడు. "నా బార, పైన జానెడు."

మసక చీకటి పడేసరికి అంతా అయిపోయింది. దాసన్న అన్నను తలవైపు పట్టుకుని గుంతలోకి దించాడు. అన్న తల బరువుగా ఉంది, జుట్టు కింద చెమట ఆరిన ఉప్పు తగిలింది. మట్టి పోశారు. మనుషులు చేతులు కడుక్కుంటూ ఒక్కొక్కరే వెళ్లసాగారు. తన కూతురు భుజం పట్టుకుని నిలబడ్డ పెద్దక్క ముందుకు వచ్చి, దాసన్న భుజం మీది తాడును అందుకుంది.

"అది నాకియ్యొదినా," అన్నాడు.

"శవాన్ని కొల్చిన తాడు ఇంటికి రాకూడదు. నీకు తెలీదా?"

తెలుసు. ఆ సంగతి ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. అన్నేళ్లు వీధికి అవతల వేలాడిన తాడు ఒక్క పూట అతని భుజం మీద ఉంది, ఇక ఉండదు. దాసన్న దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. పెద్దక్క కూడా పట్టుకుంది. కొంతసేపు ఎవరూ వదలలేదు. అక్షత వచ్చి తండ్రి వేళ్లను ఒక్కొక్కటిగా విప్పింది. పెద్దక్క తాడును గుంత మీది మట్టి మీద వేసింది.

"రా నాయనా," అంది.

వెనక్కి తిరిగి చూడకూడదు. దాసన్న చూశాడు. కొత్త మట్టి మీద కిత్తనార తాడు పొడుగ్గా పడి ఉంది, ఒక ఎర్రపీలిక నుంచి ఇంకో ఎర్రపీలికకు అతని రెండు చేతులంత దూరం.